తిరగబడిన కూత

"పిట్ట కూస్తుంటే మిక్సీ వేస్తావేంటమ్మాయ్?" అంది రుక్మాయమ్మ.

"కొబ్బరి దానంతటది నలగదుగా అత్తయ్యా!" అంది కోడలు వకుళ.

"కాసేపాగితే చట్నీ పారిపోతుందా?"

వకుళ మిక్సీ కట్టేసింది. తెల్లవారుతూనే కాకినాడలో ప్రతి ఇంటి గోడలోని స్పీకర్లోంచీ ఆ ఒక్క పిట్టే కూసేది. నిజం పిట్టలు అంతరించి రెండు తరాలైంది. భర్త పోయాక ముద్ద ముట్టని రుక్మాయమ్మ, ఈ కూత మొదలయ్యాకే లేచి కూర్చుని తింటోంది.

ఆ కూతను వెలికితీసింది వకుళ నడిపే రేఖాశ్రావణి అనే మాట్లాడే యంత్రం. కొన్ని శతాబ్దాల కిందట యూరప్ చిత్రకారులు రాగిరేకు మీద సన్నని ఉలితో బొమ్మ చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చొత్తేవారు. చెక్కేటప్పుడు గదిలోని చప్పుళ్ళకు ఉలి కంటికందనంతగా అదిరేది. గీతల్లో మిగిలిన ఆ అదురును యంత్రం మళ్ళీ ధ్వనిగా మార్చేది. ఈ పిట్ట బొమ్మకు రేకు పోయింది, అచ్చు మిగిలింది. తెరిచిన పంజరం, దాని పైన రెక్కలు చాచిన పిట్ట. దేహం విడిచిన ఆత్మకు ఆ కాలంలో అది గుర్తు. ఒక మూల చిత్రకారుడు, ఉలి పట్టుకుని, తననూ చెక్కుకున్నాడు.

ఆ రోజు ప్రయోగశాలలో వకుళ చూపు అతని చేతి మీద ఆగింది.

"ఇతనిది ఎడమచేతి వాటమా?"

"కాదు. అచ్చులో కుడి ఎడమవుతుంది, గీతల దిశా తిరగబడుతుంది," అంది రేఖాశ్రావణి.

వకుళ అచ్చు మీదికి వంగింది. "అయితే ఇన్నాళ్ళూ గీతల్ని చివరినుంచి మొదటికి చదివామా?"

"మీరు చదవమన్నట్టే చదివాను."

"తిప్పి చదువు."

పిట్ట కూయలేదు. ఒక చిన్నపిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోని మాటల్ని యంత్రం తెలుగులో చెప్పింది: "నాన్నా, ఇది ఇంకా బతికే ఉంది. రెక్కల్లో మేకులు తీసెయ్యి నాన్నా."

వకుళ అచ్చులోని ఆ చేతినే చూస్తూ అడిగింది. "అప్పుడు అతని చెయ్యి వణికిందా?"

"లేదు. ఒక్క ఈకా చెదరలేదు."

రాత్రి భోజనాల దగ్గర వకుళ అంతా చెప్పింది.

"తిరగేసే ఉంచెయ్. చెవికింపుగా ఉంది, చాలదూ?" అన్నాడు భర్త నిరుపమ్.

"ఎప్పుడో పోయిన పిల్ల కదే," అంది రుక్మాయమ్మ తలెత్తకుండా. "ఇప్పుడు మనం వింటే మేకులు ఊడొస్తాయా?"

ఇద్దరూ అన్నం కలుపుతూనే ఉన్నారు. వకుళ ఆ వేళ్ళకేసే చూసింది. అత్తగారు మళ్ళీ ముద్ద మానేస్తుందేమోనని భయపడింది. అయినా పెరుగుగిన్నె కింద పెట్టి అంది:

"రేపు తెల్లవారగానే ప్రతి ఇంట్లోనూ సరైన వైపునుంచే వినిపిస్తున్నాను. మాటలతో సహా."