ట్రయల్ మందు

యలహంక పాతపేటలో ఎనిమిది కొట్టేసరికి దేవరాజ్ కుట్టుమిషన్ చప్పుడు మొదలయ్యేది. తలలో కణితి తిరగబెట్టాక అతను ఆ వేళకి గోడకానుకుని ఇడ్లీ తిని, రెండు మాత్రలు మింగుతున్నాడు. ఒక్కో మందుకీ లొంగని కణితి, రెండూ కలిపిస్తే లొంగుతుందేమో చూసే ట్రయల్ అది. వేరే దారి లేదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆ మాత్రల డబ్బాను భార్య వరూధిని ఏడు వారాలుగా కంటికి రెప్పలా కాపాడుతోంది.

ఆ పొద్దున ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"అక్కా, రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది, సార్ లివర్ బాగా దెబ్బతినింది. రెండు మాత్రలూ ఇప్పుడే ఆపేయండి. ఇంకేమైనా మందిస్తున్నారా?"

"దేవుని మీదొట్టు, ఏమీ లే!"

"అయితే మా మందుల వల్లేనని రాయాల. ట్రయల్లోంచి తీసేస్తారేమో."

వరూధిని ఫోన్ పెట్టేసింది. మాత్రల డబ్బా తీసేద్దామని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. లోపల అత్త అనసూయ కొడుకు తాగే మజ్జిగలో ఆకుపచ్చటి పసరు వంచుతోంది.

"అత్తా! ఏమది?"

"అరవద్దే. ఎవరికన్నా చెప్తే పనిచెయ్యదంట. నెలగా పోస్తుండా."

"డాక్టర్ల మందుండగా ఇదెందుకు?" వరూధిని గొంతు కీచుమంది.

"అది ట్రయలే కదే! దర్జీల ఇంట్లో నాకు తెలీదా? కచ్చా కుట్టేసి కొలత చూసేది ట్రయల్. అసలు మందు ఇంకా ఇయ్యలేదనుకున్నా. అంతదాకా బిడ్డని సుమ్మనే, ఏ మందూ లేకుండా ఎట్లా కూర్చోబెట్టేది?"

ఏడు వారాలుగా ఇంట్లో అందరూ ట్రయల్, ట్రయల్ అన్నవాళ్లే. ఆ ముసలావిడకి విడమరిచి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. వరూధినీ చెప్పలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

"అదే అసలు మందత్తా. ఇంకోటి లేదు. ఈ పసరుతో లివర్ చెడి దాన్నే ఆపేసినారు."

రోజుకు పదిసార్లు కోడలి మాటకు అడ్డం తగిలే అనసూయ గ్లాసు తొట్టిలో ఒంపేసింది. కొంగుతో మొహం తుడుచుకుని చెయ్యి చాచింది.

"ఆ యమ్మకి ఫోన్ కలిపియ్యి."

నర్సు అంతా విని, పసరు ఆపేసి రేపే రమ్మంది. లివర్ కోలుకుంటే మందు మళ్లీ మొదలుపెట్టే సంగతి డాక్టర్లు చూస్తారంది. అనసూయ ఫోన్ వదల్లేదు.

"అమ్మా, తప్పు నాదని రాయండి, మందుది కాదు. ఇంకా ఎంతమంది బిడ్డలు దాన్ని నమ్ముకోని ఉండారో. చెడ్డ మందని మాత్రం రాయద్దండి తల్లీ."