కంట్రోల్ రూమ్‌లో వదిన

"ఆ ప్లాంటు కంట్రోల్ క్యాబినెట్‌లో రెండు మాడ్యూళ్లు మనవి కావు," అన్నాడు చీఫ్. "రిపేరు పేరుతో విదేశీ ముఠా మార్చేసింది. ఒకటి మెయిన్, ఒకటి స్టాండ్‌బై. వాళ్ల రేడియో సిగ్నల్ అందిన నిమిషంలో క్లోరిన్ ట్యాంకుల వాల్వులు తెరుచుకుంటాయి."

"కరెంటు తీసేస్తే?"

"అప్పుడూ తెరుచుకుంటాయి. ప్లాంటు నడుస్తుండగానే మార్చాలి. ముందు స్టాండ్‌బై. కొత్తదాని పచ్చలైటు నిలకడగా వెలిగాకే మెయిన్. తొందరపడి లాగావో, ఊరు ఊరంతా పోతుంది. లోపల మన మనిషి ఉంది. కోడ్ నీకు తెలుసు."

ఏజెంట్ గోరింక సర్వీస్ ఇంజనీర్ వేషంలో, భోజనాల వేళకు ప్లాంటులో దిగాడు. చేతి వాచీ సిగ్నల్‌ను పసిగడితే వణుకుతుంది.

కంట్రోల్ రూమ్‌లో ముత్యాల దుద్దులు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఒక ఇంజనీరు అటు తిరిగి కూర్చుంది.

"వాన పడేలా ఉంది," అన్నాడు.

"గొడుగు బండిలో ఉండిపోయింది," అంటూ ఆమె ఇటు తిరిగింది.

చనిపోయిన అన్న భార్య. చీఫ్ ఈ సంగతి చెప్పలేదు. చెబితే రాడనుకున్నాడు కాబోలు.

"చిక్కిపోయావు," అంది వదిన.

అతను క్యాబినెట్ తెరిచి, స్టాండ్‌బై మరలు విప్పి, కొత్త మాడ్యూల్ దూర్చాడు. పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది.

వెనక క్లిక్‌మంది. వదిన చేతిలో పిస్తోలు.

"చాలు. చెయ్యి తియ్యి."

"మీరా, వదినా?"

"మీ అన్న మీ పనిమీద వెళ్లి తూటా తగిలి పోయాడు. తాగి బండి గుద్దుకున్నాడని రాసింది మీ డిపార్ట్‌మెంటు. ఆ మాట నాకు చెప్పడానికి నిన్నే పంపింది."

గోరింక క్యాబినెట్ మీంచి చెయ్యి తీశాడు.

"ముఠా వాళ్లు మీకేం చెప్పారు?" అని అడిగాడు.

"ప్లాంటు ఆగిపోతుందని. గవర్నమెంటుకి నష్టమని."

"ఆగదు. క్లోరిన్ వదుల్తారు. కింద క్యాంటీన్‌లో మీ షిఫ్టు వాళ్లంతా భోంచేస్తున్నారు."

ఆమె ముఖం పాలిపోయింది. అప్పుడే వాచీ వణికింది. పచ్చలైటు ఇంకా నిలవలేదు.

"లాగినా చస్తాం, లాగకపోయినా చస్తాం," అన్నాడు గోరింక.

వదిన పిస్తోలు బల్లమీద పడేసింది. మెడ గొలుసుకున్న తాళంచెవి తెంపి ప్యానెల్‌లో తిప్పి పట్టుకుంది.

"వాల్వులు హ్యాండ్ మోడ్‌లోకి వచ్చాయి, సిగ్నల్ మాట వినవు. నేను పట్టుకున్నంతసేపే. ఈ తాళం పోయిందని రిపోర్టు రాసింది నేనే. నన్ను చూడకు, లైటు చూడు."

తాళం వెనక్కి తోస్తోంది. ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. పచ్చలైటు నిలిచింది. గోరింక మెయిన్ లాగేశాడు. ఆమె చెయ్యి జారింది. వాల్వు సూచీ ఉలిక్కిపడి, సున్నా దగ్గరే ఆగిపోయింది.

రెండో మాడ్యూల్ మరలు బిగించేసరికి చీఫ్ మనుషులు వచ్చి వదినని పట్టుకున్నారు.

"ఆమె సాయం చేసిందని రాయండి," అన్నాడు గోరింక ఫోన్‌లో.

"ఏదీ రాయం. అక్కడేమీ జరగలేదు," అన్నాడు చీఫ్.

వ్యాన్ ఎక్కుతూ వదిన ఒక్క మాటే అంది. "పిల్లని స్కూల్ నుంచి నువ్వే తీసుకురా."

స్కూల్ గేటు దగ్గర పిల్ల అతని వెనక్కి తొంగి చూసింది. "అమ్మేది బాబాయ్?"

"ఆఫీసు పనిమీద ఊరెళ్లింది."

"బట్టలు సర్దుకోకుండానా?"

ఎన్నో ఎయిర్‌పోర్టుల్లో దొంగ పాస్‌పోర్టుతో తడుముకోకుండా జవాబులు చెప్పిన గోరింక, ఆ పిల్ల స్కూల్ బ్యాగు అందుకుని, చాలా బరువుగా ఉందన్నాడు.