తొట్టి గట్టున తేనెటీగలు

ఆ తేదీ వరదయ్యకు ఇప్పటికీ గుర్తే. 1981 ఫిబ్రవరి పన్నెండు, గురువారం. రాత్రి మిగిలిన సంగటిని కూతురు జ్ఞానాంబ మజ్జిగలో పిసికి, పక్కన ఎర్రగడ్డ, కాస్త ఊరుబిండి పచ్చడి పెట్టి ఇచ్చింది. గిన్నె ఖాళీ చేసి, ఇంకో సగం అడిగి మరీ తాగాడు. కడుపు చల్లబడ్డాక, గొర్రెలకు పిడుదుల మందు చల్లే పని ఆ పూటే కానిచ్చేద్దామని లేచాడు.

పాకాలకు మైలు దూరంలో ఎకరన్నర నేల, మూడు గదుల ఇల్లు. తిరుపతి కాలేజీలో బి.ఏ. చదివి, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి వరదయ్య. భార్య పోయి ఆరేళ్ళు. ఆమె తెచ్చిన రెండు గొర్రెలు ఇప్పుడు పద్దెనిమిదయ్యాయి. నెల్లూరు జాతివి. ఒంటిమీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు కాబట్టి కత్తిరించే పని లేదు. వాటిని మేపేది అక్క సుబ్బులమ్మ. గొర్రెల్ని ఎంత ముద్దుగా పిలుస్తుందో, తమ్ముణ్ణి అంత కరుగ్గా పిలుస్తుంది.

జ్ఞానాంబ మెట్టినిల్లు కాణిపాకం. ఇద్దరు బిడ్డలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. రెండోసారి అత్తగారు వాకిట్లో పదిమంది ముందు నిలబడి, "దీని చెయ్యి పడితే ఏదీ బతకదు" అంది. మర్నాడే జ్ఞానాంబ బస్సెక్కి వచ్చేసింది. వచ్చిన నాలుగు నెలల వరకూ ఒక్క గొర్రెపిల్లనైనా ముట్టుకోలేదు. పిల్ల దగ్గరికొస్తే చేతులు కొంగులో దాచుకునేది.

అది చూడలేక వరదయ్య దీపావళి అయ్యాక ఖాదీ బోర్డు వాళ్ళ దగ్గర తేనెటీగల పెట్టె తెచ్చాడు. "వీటిని ముట్టుకోబన్లేదమ్మా, కనిపెట్టుకుని ఉంటే చాలు" అన్నాడు. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళకింద నీళ్ళ చిప్పలు పెట్టడంతో మొదలుపెట్టి, సంక్రాంతి వెళ్ళేసరికి జ్ఞానాంబ మూత తీసి చట్రాలు పైకెత్తి చూసేదాకా వచ్చింది. మామిడి పూత మొదలయ్యాక తెల్లటి తేనెపట్టు రోజుకింత పెరిగింది.

"నా చేతికింద ఒకటి పెరుగుతాండాది నాయనా" అంది ఒకరోజు. ఆ మాట వినడానికే పెట్టె తెచ్చినట్టనిపించింది వరదయ్యకు.

ఆ వారమే అత్తగారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. కొడుక్కి ఇంకో సంబంధం కుదిర్చారట. జ్ఞానాంబకు ఇష్టమైతే వచ్చి వంటపని చూసుకుంటూ ఒక పక్కన ఉండొచ్చునట. జ్ఞానాంబ నవ్వి కార్డును పొయ్యిగట్టు మీద పెట్టింది. "నాకు పెట్టె ఉండాది" అంది.

ఆ తేనెటీగలతో పోట్లాడేది సుబ్బులమ్మ ఒక్కతే. పొద్దెక్కగానే అవి గొర్రెల రాతి తొట్టి గట్టున వాలి నీళ్ళు తాగేవి. "ఏమ్మే, నా గొర్రెల మూతులు కుట్టినాయంటే నీ పెట్టెను చెరువులో యేస్తా, సూడు" అనేది. తనే మళ్ళీ తొట్టి గట్టున గడ్డిపోచలు పరిచేది, ఈగలు నీళ్ళల్లో పడిపోకుండా.

గురువారం పొద్దున వరదయ్య ముక్కుకు తుండు కట్టుకుని తొమ్మిది గొర్రెల చెవుల్లో, కాళ్ళ సందుల్లో గుడ్డతో తెల్లటి పొడి రుద్దాడు. పొడి చాలలేదు. మిగిలిన తొమ్మిదింటిని ఇంకోరోజు చూద్దామని మందను అక్కతో మేతకు పంపి, మందుగుడ్డను తొట్టిలోనే ఉతికాడు. గొర్రెలు తిరిగొచ్చేలోగా పారబోసి మంచినీళ్ళు నింపాలని గుర్తుపెట్టుకున్నాడు. స్నానం చేసి, పేపరు చదివి, గంటన్నర తర్వాత ఆ పని చేయడానికి వెళ్ళాడు.

తొట్టి గట్టంతా చచ్చిన ఈగలు. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

గొర్రెల గురించి ఆలోచించాడు గానీ ఈగల సంగతి తోచనేలేదు. జ్ఞానాంబ వంటింట్లో ఏదో పాడుకుంటోంది. వరదయ్య తుండుతో గట్టంతా తుడిచి, ఈగల్ని పేడదిబ్బలో పూడ్చి, తొట్టి మూడుసార్లు కడిగాడు. సాయంత్రానికి పెట్టె ముందు నేలంతా చచ్చిన ఈగలు నల్లగా పరుచుకున్నాయి. జ్ఞానాంబ అక్కడే గొంతుక్కూర్చుంది. మూత తీసి చూడలేదు. చీకటి పడ్డాక లోపలికొచ్చి, దీపం దగ్గర తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

చెప్పాలని వరదయ్య రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ లేచి గొర్రెల వైపు వెళ్ళిపోయాడు. శుక్రవారమూ అలాగే గడిచింది.

శనివారం పొద్దున గడప దగ్గర రేకు పెట్టె కనిపించింది.

"యాడికమ్మే?" అంది సుబ్బులమ్మ, చేతిలో పాలచెంబుతో.

"కాణిపాకానికి అత్తా. తొమ్మిది గంటల బస్సుకి."

"సవతికి వండిపెట్టేదానికా? ఆ యమ్మ కార్డుముక్క రాస్తే ఎగేసుకుని పోతావా? సిగ్గుండల్లా!"

"ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బిడ్డలు పోయినారు. ఇప్పుడు ఈగలు పోయినాయి. నేనీడ ఉంటే నీ గొర్రెలు గూడా పోతాయి."

"మామిడితోటోళ్ళు మందు కొట్టింటారు. దానికి నువ్వేం జేస్తావు?"

"కొట్టలేదంట. నిన్న పోయి అడిగొచ్చినా."

వరదయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేరం తోటవాళ్ళ మీదికి పోనిచ్చి ఊరుకోవడానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఒక రకంగా అదే మేలైంది.

"నేను సంపినానమ్మా" అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు.

"మందుగుడ్డ తొట్టిలో ఉతికినాను. అవి వచ్చి ఆ నీళ్ళు తాగినాయి."

జ్ఞానాంబకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "తొట్టికాడ ఒక్కటి గూడా కనపడలేదే?"

"తుడిచేసినాను. నువ్వు సూస్తావని."

"బి.ఏ. చదివినోడు!" అంది సుబ్బులమ్మ. "గుడ్డ యాడ ఉతకాలో తెలీదు గానీ, దాచేది మాత్రం బాగా తెలుసు."

జ్ఞానాంబ రేకు పెట్టె మీద కూలబడింది. "రెండు దినాలు నాయనా. రెండు దినాలు నా చేతులు సూసుకుంటా కూసున్నాను. ఎదురుగానే ఉండావు నువ్వు. సూస్తానే ఉండావు."

"నీ చెయ్యి కాదమ్మా. నా చెయ్యి." వరదయ్య స్తంభం వదిలి ఆమె ముందుకొచ్చాడు. "ఈగలు పోయింది నీ చేత్తో గాదు. ఆ బిడ్డలు పోయిందీ నీ చేత్తో గాదు. నువ్వు వచ్చిన పొద్దే ఈ మాట చెప్పాల్సింది. చెప్పకుండా పెట్టె తెచ్చిచ్చినాను."

ఆమె ఏడ్చింది. పెదవి బిగించుకుని, చప్పుడు లేకుండా, చాలాసేపు. సుబ్బులమ్మ పాలచెంబు కింద పెట్టి, ఆమె పక్కన రేకు పెట్టె మీద ఇరుక్కుని కూర్చుంది. తొమ్మిది గంటల బస్సు రోడ్డు మీద హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

తర్వాత జ్ఞానాంబ లేచి పెరట్లోకి నడిచింది. తేనెపెట్టె మూత తీసి, చట్రాలు ఒక్కొక్కటే పైకెత్తింది. మూడోదాని మీద పిడికెడు ఈగలు ముద్దగా అతుక్కుని ఉన్నాయి. బయటికి పోయినవే చచ్చాయి, ఇల్లు పట్టుకుని ఉన్నవి మిగిలాయి. వాటి నడుమ పొడుగాటి రాణీగ నిదానంగా కదులుతోంది.

"అత్తా," అని కేక వేసింది, "చక్కెర నీళ్ళు కలుపు!"

తండ్రిని పిలవలేదు. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం అతని కంచం ఎప్పటి చోటే ఉంది, పైన ఇంకో కంచం బోర్లించి. అంతమాత్రం మిగిలినందుకే వరదయ్యకు కళ్ళు చెమర్చాయి.

పది రోజులు గడిచాయి. ఈగలు పిడికెడు నుంచి దోసెడయ్యాయి. జ్ఞానాంబ మాటలూ అలాగే కొంచెం కొంచెంగా పెరిగాయి. మిగిలిన తొమ్మిది గొర్రెలకు పిడుదులు పట్టి, చెవులు విదిలిస్తున్నాయి. మందు చల్లక తప్పదు. ఈసారి జ్ఞానాంబే ఏర్పాటు చేసింది: పొడి రుద్దేది రోడ్డవతల, గుడ్డ ఉతకడాల్లేవు, కాల్చి పూడ్చెయ్యాలి. ముందురోజు సందెవేళే ఈగల్ని లోపల పెట్టి మూసెయ్యాలి, మర్నాడు పని ముగిశాకే తెరవాలి.

సందెవేళ ముగ్గురూ పెట్టె దగ్గర నిలబడ్డారు. ఆఖరి ఈగలు ఒక్కొక్కటే వచ్చి వాలుతున్నాయి.

"అందరూ ఇల్లు చేరినారా?" అంది సుబ్బులమ్మ, బిడ్డల్ని అడిగినట్టు.

"ఇంకొకటి ఉండాది. ఆగు." జ్ఞానాంబ వంగి చూసింది. ఆ ఈగ కాస్త తటపటాయించి లోపలికి పోయింది. ఆమె పెట్టె ద్వారానికి అడ్డం వేసే చిన్న చెక్క తలుపును తండ్రి వైపు చాచింది. "నువ్వెయ్యి నాయనా."

"నేనా?" వరదయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చేత్తోనా?"

"నీ చేత్తోనే."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి సన్నని రొద ఒక క్షణం విని, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.