కోసిన ఆకు దాహం

ఉప్పల్ మెట్రో స్టేషన్ వెనక సందులో, మొబైల్ రిపేరు దుకాణం పైన డిటెక్టివ్ పద్మశ్రీ ఆఫీసు. ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పేరు లక్ష్మీనర్సమ్మ. మా ఆయన బిక్షపతిని పోలీసులు పట్టుకపోయిన్రమ్మా. మేడమ్ ఆయన వల్లనే సచ్చిపోయిందంటున్రు."

సంగతి పద్మశ్రీ అసిస్టెంటు ప్రశాంత్ పేపర్లో చదివాడు. నాచారంలో ఒక ప్రైవేటు విత్తన పరిశోధన సంస్థ. కరువును తట్టుకునే జొన్న మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త హైమావతి, ఆకులను గడ్డకట్టించే చిన్న గదిలో ఊపిరాడక చనిపోయింది. గదిలోకి నైట్రోజన్ వదిలే బయటి వాల్వు తెరిచే ఉందట; ఆ గ్యాస్ నిండితే పీల్చే గాలి మిగలదు. దాన్ని తిప్పేది హెల్పర్ బిక్షపతి.

"వాల్వు బంద్ చేసిండా?" అడిగింది పద్మశ్రీ.

"చేసిననే అంటడు. మల్ల తప్పు నాదే అని ఏడుస్తడు. ఏం తప్పంటే నోరిప్పడు. పాలమూరు దిక్కు చేనెండి ఈడికొచ్చినం. ఆయన జైలుకు వోతే మేమేం గావాలె?"

ఆమెను పంపించి మెట్లు దిగుతూ పద్మశ్రీ అంది: "వాల్వు కట్టేశాడు, అయినా తప్పు తనదే అంటాడు. అంటే అవి రెండూ వేరువేరు సంగతులు, ప్రశాంత్."

ప్రశాంత్‌కు ఆ ఆలోచనే తట్టలేదు. ఎప్పటిలాగే సిగ్గుపడ్డాడు, ఎప్పటిలాగే ఆమెను చూసి మురిసిపోయాడు.

నాచారంలో డైరెక్టర్ కౌశల్ మర్యాదగానే మాట్లాడాడు. "లంచ్ టైములో పాలీహౌస్‌లో నా కళ్లముందే ఆకులు కోశారండీ. కోసిన చేత్తోనే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అదే ఆఖరిచూపు."

"అంత తొందరెందుకు?"

"ఆకు కోయగానే ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి. ఆలస్యమైతే జన్యువుల తీరు మారిపోతుంది. మా పనిలో అది మొదటి పాఠం."

ఆ గది తలుపుకు బయట గొళ్లెం ఉండటం ప్రశాంత్ చూశాడు. పాలీహౌస్‌లో రెండు వరసల కుండీలు: మామూలు జొన్న వరసకు రోజూ నీళ్లు, రెండోదానికి చుక్క పోయరు. ఎండగట్టిన వరసలో కౌశల్ పేరు మీద వస్తున్న కొత్త జొన్న పచ్చగానే ఉంది. వచ్చే ఖరీఫ్‌కు రైతులకు అమ్ముతారట.

"ఆకుల చివర్లు చుట్టుకుంటున్నాయే?" అంది పద్మశ్రీ.

"రెండు రోజులుగా ఎండ మండిపోతోంది కదండీ," అన్నాడు కౌశల్.

బిక్షపతి లాకప్‌లో పడిందీ రెండు రోజుల కిందటే. అది ప్రశాంత్‌కు అప్పుడు తోచలేదు.

హైమావతి కింద పనిచేసే స్పందన ఏడ్చి ఏడ్చి ఉంది. గదిలో దొరికినవి రోజూ నీళ్లు పోసే కుండీల ఆకులని చెప్పింది. "వాటిని పరీక్ష చెయ్యమ్మా. ఎవరికీ చెప్పకు," అంది పద్మశ్రీ.

వారం తిరిగాక అందరినీ పాలీహౌస్‌కు పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ నరేన్ బిక్షపతిని వెంటబెట్టుకొచ్చాడు. లక్ష్మీనర్సమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నీళ్లు తగ్గితే మొక్కలో కొన్ని జన్యువులు మేల్కొంటాయి. ఉన్న తడిని దాచుకోమంటాయి," మొదలుపెట్టింది పద్మశ్రీ. "స్పందనా, ఎండగట్టిన కొత్త జొన్నలో మేల్కొన్నాయా?"

"లేదు. మేడమ్ పోకముందే పరీక్ష చేయించారు. ఎవరో చాటుగా నీళ్లు పోస్తున్నారన్నారు. భయపడి నేను బయటపెట్టలేదు."

"గదిలో దొరికిన ఆకుల్లో? అవి రోజూ నీళ్లు తాగే మొక్కలవి."

"బాగా మేల్కొన్నాయి."

కౌశల్ నవ్వాడు. "ట్యూబులు తారుమారు చేసుంటారు. ఆ అజాగ్రత్తే ప్రాణం తీసింది."

"తారుమారు కాలేదు. గదిలో దొరికినవి మామూలు జొన్న ఆకులేనని పరీక్షలో తేలింది. కోసిన ఆకుకు వేరు నుంచి నీరందదు కౌశల్ గారూ. ఊరికే ఉంచితే దానికీ దాహమేస్తుంది. ఈ ఆకులు కోశాక గంట పైగా అట్లాగే ఉన్నాయి. కోసిన చేత్తోనే గదిలోకి తీసుకెళ్లిందని చెప్పింది మీరే."

కౌశల్ నవ్వు ఆగిపోయింది.

"అందరూ భోజనాలకు పోయినప్పుడు ఈ ఆకులు కోసింది మీరు. ఆమె గదిలోకి పోయింది మీ జొన్న నమూనాలు లోపలి ఫ్రీజర్‌లోంచి తెచ్చి పైవాళ్లకు చూపించడానికి. మీరు గొళ్లెం పెట్టి వాల్వు తిప్పారు. పని చేసుకుంటూ పోయినట్టు కనబడాలంటే ఆకులు లోపల ఉండాలి. కానీ వెంటనే వెళ్తే ఆ గ్యాస్ మిమ్మల్నీ వదలదు. వాల్వు కట్టేసి, గ్యాస్ పోయేదాకా బయట కాచుకున్నారు. ఆ గంటలోనే మీ చేతిలో ఆకులు వాడిపోయాయి. తర్వాత వాటిని ముంచి, నెపం బిక్షపతి మీద పడేలా వాల్వు మళ్లీ తెరిచి వెళ్లారు. పాఠం ప్రకారం కథ చెప్పారు, పాఠం ప్రకారం పని చెయ్యలేకపోయారు."

ప్రశాంత్‌కు ఆ తలుపు బయటి గొళ్లెం గుర్తొచ్చింది.

"ఆ రకం నిజమనే నమ్మాను," గొణిగాడు కౌశల్. "అది అబద్ధమని ఆమె చెప్పేసరికే అందరికీ మాటిచ్చేశాను. కానీ నీళ్లు నేను పోయలేదు."

ఎవరూ నమ్మలేదు.

"నేనే పోసిన," అన్నాడు బిక్షపతి.

అందరూ అటు తిరిగారు.

"ఎవ్వలు జెప్పలే. మా చేన్ల జొన్న గిట్లనే ఆకులు సుట్టుకొని ఎండింది. సూడలేక రోజు జర్రంత పోసిన. మేడమ్ అడిగితే లేదన్న. గప్పుడే నిజం జెప్తే మేడమ్ ఆ గ్యాసు అర్రలకు ఎందుకు పోతుండె?"

లక్ష్మీనర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నరేన్ కౌశల్‌ను జీపు దగ్గరికి నడిపించాడు. బిక్షపతిని వదిలేశారు, కానీ అతను గుమ్మం వైపు పోలేదు. ఎండగట్టిన వరస ముందు నిలబడ్డాడు. కొత్త జొన్న ఆకులన్నీ ఇప్పుడు పూర్తిగా చుట్టుకుపోయాయి. పక్కనున్న నీళ్ల మగ్గు మీదికి చెయ్యి చాచాడు.

"ఇప్పుడన్న నీళ్లు పోయొచ్చా అమ్మా?"

పద్మశ్రీ ఆ చుట్టుకున్న ఆకులను చూసింది.

"వద్దు, బిక్షపతన్నా. ఇవి సాక్ష్యం."

బిక్షపతి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.