అంచు మీద నొక్కు

“మా నాన్నగారికి మతి పోతోందేమోనని భయంగా ఉందండీ,” అంది డిటెక్టివ్ దగ్గరికి వచ్చినావిడ. కుర్చీలో కూర్చున్నాక కూడా చేతిసంచిని గుండెలకు హత్తుకునే ఉంది.

ఆమె తండ్రి నలభై ఏళ్లుగా పాతకాలపు నాణేలు సేకరిస్తున్నాడు. ఏది అసలో, ఏది నకిలీయో ఆయన చెబితే తిరుగులేదు. అలాంటి మనిషి తన పెట్టెలోనే మూడు మధ్యయుగపు వెండి నాణేలు నకిలీవని ఈమధ్య కనిపెట్టాడు. అవి అసలైనవని పుస్తకంలో రాసుకున్నదీ ఆయనే.

“నా కళ్లే నన్ను మోసం చేశాయా అని గోడకేసి అడుగుతున్నారు. అన్నం సయించడం లేదు. నాణేల సేకరణ మన పేర రాయించేద్దాం, మతి పూర్తిగా పోయాక ఏ సంతకమూ చెల్లదు అంటున్నారు మావారు. ఆయన పళ్ల డాక్టరు. కింద వాటాలోనే క్లినిక్కు.”

డిటెక్టివ్ తన సహాయకుణ్ణి వెంటబెట్టుకుని అప్పుడే బయలుదేరాడు.

పెద్దాయన గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆయన నకిలీ నాణెం ఒకటి అందించాడు.

“ఒంటినిండా సన్నటి బుడగల గుంటలు చూడండి. ఇది అచ్చులో పోతపోసింది, అసలువాటిలా సమ్మెటతో కొట్టి ముద్ర వేసింది కాదు. దీన్ని అసలుదని నేనెలా రాశాను?”

“అంచు మీద ఈ నొక్కు?” అడిగాడు డిటెక్టివ్.

“పోయిన నెల చెయ్యి జారి రాతిగచ్చు మీద పడింది.”

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు కలగజేసుకున్నాడు. “మామయ్యగారి పొరపాటు కాకపోతే, నాణేలకు ఫోటోలు తీసేవాడి పనే అయ్యుంటుంది. రెండు నెలల క్రితం చెప్పాపెట్టకుండా మానేశాడు.”

సహాయకుడు పెట్టెలోంచి మరో నాణెం తీశాడు. అది అసలైనదే. అక్షరాల సందులో ఏదో గులాబిరంగు ముద్ద ఎండి ఉంది.

“గోళ్ల రంగేమో సార్.”

డిటెక్టివ్ వాసన చూశాడు. పుదీనా వాసన. భూతద్దంతో నొక్కును చాలాసేపు పరిశీలించి, అందర్నీ ముందుగదిలోకి పిలిచాడు.

“కింద పడితే నొక్కుపడ్డ చోట బుడగలు నలిగిపోవాలి. ఇక్కడ నొక్కు లోపల కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే నొక్కు అచ్చులోనే ఉంది. కింద పడింది అసలు నాణెం. దాన్నుంచి అచ్చు తీసింది ఆ తర్వాతే, అప్పటికి ఫోటోలాయన ఈ ఇంట్లో లేడు. పెద్దాయనా, మీరు రాసింది నిజం. మీ కళ్లకేమీ కాలేదు.”

పెద్దాయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

“ఇక ఈ గులాబిరంగు ముద్ద. పళ్ల అచ్చు తీసేటప్పుడు రోగి నోట్లో పెట్టేది ఇదే. నాలుగో నాణేనికీ అచ్చు తీశారు, మార్చడమే మిగిలింది. డాక్టరుగారూ, క్లినిక్కు సొరుగు మీరు తెరుస్తారా, నన్ను తెరవమంటారా?”

అల్లుడి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. “అమ్ముకోలేదు, అన్నీ అక్కడే ఉన్నాయి,” అన్నాడు గొణుగుతూ. “మతి తప్పుతోందని ఆయనే నమ్మితే పెట్టె మన పేర రాసేస్తారనుకున్నాను. ఆయనకేం హాని చెయ్యలేదు.”

“హాని చెయ్యలేదా?” అంది భార్య. “పదిహేను రోజులుగా ఆయన అద్దంలో తన ముఖం చూసుకోవడానికే భయపడుతున్నారు.”

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

“ఏం చేద్దామంటావమ్మా?”

పోలీసులకు ఫోను ఆమే చేసింది.