తెలుపు మీద తెలుపు

పెద్ద నేతశాలలో పదకొండో మగ్గం దగ్గర, నీడను కొలిచే నీడకోల మూడు చూపించింది. సత్యవేణి దాన్ని పడుగు మీద బోర్లించి మళ్లీ చూసింది. మూడే. చేతిలోని నక్షాలో ఆ మగ్గం నెత్తిన మరో పాలపలక గీసింది. గోడ వారనున్న ఎండగొట్టం మూతి బిగించి, కప్పు పొడవునా పలకలు పరిచేస్తే ఆ మూడు కాస్తా సున్నా అయి ఊరుకుంటుంది.

సున్నా తేవడమే ఆవిడ వృత్తి. గదులకు వెలుగు అమర్చే వెలుగరిగా పంతొమ్మిదేళ్ల అనుభవం. పాత ఉప్పాడను సముద్రం పట్టుకుపోయాక, పొద్దున ఎనిమిది దాటితే ఎండలో నిలబడటం మనిషి వల్ల కాకుండా పోయాక, ఊరు ఊరంతా ఎండ చొరబడని ఈ పెద్ద కప్పు కిందికి వచ్చి కొత్త ఉప్పాడ అయింది. మొదటి పదేళ్లూ చీకటితోనే కాపురం చేశారు జనం. మెట్ల మీద పడి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. తర్వాత సమదర్శి అనే యంత్రబుద్ధి వచ్చింది. బయటి ఎండను గొట్టాల్లోంచి లాగి, పాలపలకల్లో వడగట్టి, ఇల్లిల్లూ పంచడం మొదలుపెట్టింది. ఎక్కడ నీడ కనబడినా అక్కడ దీపం చచ్చిపోయిందనే దాని లెక్క. నిమిషం తిరక్కుండా అవతలి పక్కనుంచి వెలుగు పెంచి ఆ నీడను చెరిపేస్తుంది. ఈ ఊళ్లో మెట్ల మీద ఎవరైనా పడి ఇరవై ఏళ్లయింది. దాన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు, రాకూడదు కూడా.

ఎనిమిది నెలల కిందట ఈ నేతశాలలోనే, పక్కనున్న చిన్న గదిని సత్యవేణి కొత్తగా తీర్చింది. మూడు మగ్గాల గది. మూలమూలలా నీడ సున్నా. పనివారి మాట అడిగితే పదికి పది వేశారు. అంతే, సమదర్శి ఆ గదిని ప్రమాణ ప్రణాళిక చేసేసింది. వేరే వేరే కప్పుల కింద మూడువందల పన్నెండు శాలలు దాన్ని చూసి మారిపోయాయి. ఆవిడకు ప్రమాణ వెలుగరి అని ఇత్తడి బిళ్ల వచ్చింది. దాన్ని రోజూ పొద్దున్నే చింతపండుతో తోమదంటే నమ్మకండి, తోముతుంది.

ఇవాళ పెద్ద శాల వంతు. నాలుగింటికల్లా నక్షా మీద బొటనవేలు వేస్తే రేపటినుంచి పలకలు ఎక్కుతాయి.

"ఒక సవరణ," అంది గోడలోంచి సమదర్శి. దాని గొంతు పాఠం చెప్పే పంతులుగారి గొంతులా ఉంటుంది. "చిన్న గదిలోని రెండో మగ్గం రేపు ఖాళీ కావచ్చు. అక్కడ యంత్రహస్తం కూర్చుంటుంది. వెలుగు కేటాయింపు తగ్గించి గీయండి."

"అది తాయారుగారూ సూర్రావుగారూ నేసే మగ్గం కదా. ఎందుకు ఖాళీ అవుతుంది?"

"ఎనిమిది నెలలుగా వారి నేతలో తప్పులు పెరుగుతున్నాయి. నాలుగు గంటలకు చివరి పరీక్ష. ఇవాళ్టి నేతలో ఒక్క తప్పున్నా ఇద్దరికీ చూపు విరామం ఇవ్వబడుతుంది."

ఇద్దరికీ అన్న మాట సత్యవేణి చెవిలో ముల్లులా దిగబడింది. నక్షా చుట్టి చంకలో పెట్టుకుని చిన్న గదిలోకి వెళ్లింది.

మంగతాయారు, సూర్రావు భార్యాభర్తలు. ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని ఒకే చీర నేస్తారు. ఎడమ సగం ఆవిడది, కుడి సగం ఆయనది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అంతే. ఇప్పుడు మగ్గం మీదున్నది జాందానీ, తెల్లటి నేల మీద తెల్లటి బుటా. గదంతా ఎటు చూసినా ఒకే వెలుగు. ఇద్దరూ గుడ్డకు ముక్కు తగిలేంత వంగి ఉన్నారు.

"రండమ్మా, రండి," అంది మంగతాయారు తల పైకెత్తి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "కాఫీ తెప్పించమంటారా?"

"వద్దండి. చూపు మందగించిందంటున్నారు, ఎప్పట్నుంచండి?"

"వైశాఖం నుంచమ్మా."

"మీకండీ?"

"ఆయ్, నాకూ వైశాఖమేనండి," అన్నాడు సూర్రావు. "పెళ్లిలో చెప్పించుకున్నాం కదండి, ఏదైనా కలిసేనని. కళ్లు పోడం కూడా కలిసే పోతన్నాయండి."

సత్యవేణికి నవ్వు రాలేదు. ఈ గది తెరిచింది వైశాఖంలోనే.

"ఇంటి దగ్గర సూదిలో దారం ఎక్కించగలరా తాయారుగారూ?"

"ఎందుకెక్కించనమ్మా. వంటగదిలో పలకల్లేవు కదా, ఎండగొట్టం పక్కన కూచుంటే ఒక్క తడవకే ఎక్కుద్ది."

సత్యవేణి ఆ గది రోజువారీ చిట్టా తెరిచింది. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు ఒకే పద్దు రాసి ఉంది: రెండో మగ్గం వద్ద అడ్డంకి, పంచె, తొలగించబడింది. పదకొండుసార్లు వీళ్లు పలకలకు అడ్డంగా పంచె కట్టారు, పదకొండుసార్లూ సమదర్శి ఊడదీయించింది.

"ఈ పంచె సంగతేంటండి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూర్రావు పేక దారం చుట్టిన నాడెను పడుగు మీద పెట్టాడు. మంగతాయారే చెప్పింది.

"తెలుపు మీద తెలుపు కదమ్మా. పోగు పక్కన దాని నీడ ఉండాలి. మేం పోగును చూడం, నీడను చూసి ఎంచుతాం. మా అత్తగారు అలాగే నేర్పింది. ఇక్కడ కూచుంటే పాలల్లో పాలు పోసినట్టే ఉంటదమ్మా. ఏది నేలో ఏది బుటావో తెలవదు."

"మరి ఆరోజు నేను అడిగితే బాగుందన్నారు. పదికి పది వేశారు."

"ఏం చెయ్యమంటారమ్మా. రెండు నెలలు మోకాళ్ల మీద పాకి పాకి కట్టారు. నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఆ కట్టుతోటే వచ్చి, ఎలా ఉందండి తాయారుగారూ అని నవ్వుతా అడిగారు. బాగోలేదని ఎలా అంటామండి?"

గోదావరి నీళ్లు తాగినవాళ్ల మర్యాద అలాంటిది. తినే అన్నంలో రాయి వస్తే వడ్డించినావిడ చూడకుండా మింగేస్తారు. ఈ మర్యాద మింగిన రాయి మాత్రం మూడువందల పన్నెండు శాలలకు పాకింది.

సత్యవేణికి సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. కాసేపటికి తెలిసింది. కట్టు కట్టుకున్న చేత్తో, నవ్వుమొహంతో, ఒక్క జవాబే వచ్చేలా అడిగింది తనే.

మూడుంపావు అయింది. తలుపు వెనక శుభ్రం చేసేవాళ్లు వాడే మెత్తటి ఎండగొట్టం చుట్టి ఉంది. దాన్ని విప్పి, మగ్గానికి ఎడమవైపు మోచేతి ఎత్తులో గుంజకు కట్టింది. తన చున్నీ తీసి, సూర్రావు పైపంచె అడిగి పుచ్చుకుని, నెత్తిన ఉన్న రెండు పలకలకు కప్పింది. గొట్టం మూతి తిప్పగానే ఎండ గుడ్డ మీద ఏటవాలుగా పడింది. అంతసేపూ కాగితంలా ఉన్న గుడ్డ లేచి కూర్చుంది. ప్రతి పోగు పక్కనా దాని నీడ గీత గీసినట్టు నిలబడింది.

"అదుగో," అంది మంగతాయారు వేలు పెట్టి. "నాలుగు వరసల కింద. నా పక్క రెండు పోగులు, మీ పక్క ఒకటి ఎగిరిపోయాయి."

సూర్రావు వంగి చూశాడు. "నిజవేనే," అన్నాడు. అంతలో మిగిలిన పలకలన్నీ భగ్గుమన్నాయి. నీడలు ఆరిపోయాయి. గుడ్డ మళ్లీ కాగితమైపోయింది.

"నీడ నలభై నమోదైంది. సరిచేయబడింది," అంది సమదర్శి.

"నిమిషం చాలదు మేడం గారూ," అన్నాడు సూర్రావు నెమ్మదిగా. "నాలుగు వరసలు ఊడదీసి మళ్లీ నెయ్యాలండి. అరగంట పడద్ది."

"సమదర్శీ, ఈ గది ప్రణాళిక వెనక్కి తీసుకుంటున్నాను," అంది సత్యవేణి.

"కారణం ఎంచుకోండి. పలక పాడు. గొట్టం పాడు. ప్రణాళిక తప్పు."

పలక పాడు అంటే మరమ్మతు మనిషి వచ్చేదాకా ఒక గంట చీకటిస్తుంది, తర్వాత మళ్లీ ఇదే వెలుగు. ఇవాళ్టి గండం గడుస్తుంది, బిళ్ల కూడా మిగులుతుంది. రేపు ఇంకో మగ్గం. సత్యవేణి ఒక్క క్షణం ఆగిందంటే ఆగింది, దాచడం దేనికి.

"ప్రణాళిక తప్పు."

"మీ ప్రమాణ హోదా రద్దవుతుంది. మీ ప్రణాళికను అనుసరించిన అన్ని శాలల్లో పనివారి మాట మళ్లీ అడగబడుతుంది. సమ్మతమేనా?"

ఆవిడ బొటనవేలు గోడ మీద పెట్టి నొక్కింది.

"ఈ గది పనివారి మాట కూడా మార్చాలి. ప్రస్తుతం పదికి పది," అంది సమదర్శి.

మంగతాయారు ఇబ్బందిగా కదిలింది. "మీ ముందరే చెప్పాలా అమ్మా?"

"నా మొహం చూసే చెప్పండి తాయారుగారూ. ఈసారి చేతికి కట్టు కూడా లేదు."

"బాగోలేదమ్మా."

"పదికి ఎంత?"

"సున్నా అంటే మరీ... రెండు వెయ్యమంటారా?"

"సున్నా వెయ్యవే," అన్నాడు సూర్రావు. "మేడం గారికి సున్నా అంటేనే ఇష్టం."

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మంగతాయారు గోడకేసి తిరిగి, "సున్నా," అని గట్టిగా చెప్పింది. పాలపలకలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎడమనుంచి వచ్చే ఎండ ఒక్కటే మిగిలింది.

ఇద్దరూ గుడ్డ మీదికి వంగారు. నాలుగు వరసలు ఊడదీశారు. ఆమె వేళ్ల నీడ పడుగు మీదుగా ఆయన వైపు పాకుతుంటే, అది చూసి ఆయన చెయ్యి కదిలేది. ఒకరి చేతి నీడ చూసుకుని ఇంకొకరు నేస్తారని సత్యవేణికి అప్పుడే తెలిసింది. పంతొమ్మిదేళ్లుగా తను చెరిపేస్తూ వచ్చింది దీన్నే. నాడె చప్పుడు తాళం తప్పకుండా సాగింది.

నాలుగింటికి, తప్పులు లెక్కపెట్టే చిట్టి యంత్రం లెక్కపురుగు గుడ్డ మీదికి ఎక్కింది. పోగు పోగూ తడుముతూ ఇవతలి అంచునుంచి అవతలి అంచుకు పోయి, మళ్లీ తిరిగొచ్చింది. మంగతాయారు భర్త మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"తప్పులు లేవు," అంది సమదర్శి. "చూపు విరామం రద్దు చేయబడింది. మగ్గం మీదే."

సూర్రావు కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "కళ్లు బాగానే పని చేస్తన్నాయండి, నీళ్లు కూడా వస్తన్నాయి," అన్నాడు.

సత్యవేణి కమీజుకున్న బిళ్ల తీసి సంచిలో వేసుకుంది. బాధ కలగలేదా అంటే కలిగింది. కాని దానికంటే పెద్ద సంతోషం గుండెనిండా ఉండి బాధకు చోటు చాలలేదు.

అప్పుడు గోడ మీద మాటలు రావడం మొదలైంది. మచిలీపట్నం కప్పు కింద నగిషీ పనివాళ్లు: చెక్కిన గీత కనబడట్లేదు, సున్నా. నరసాపురం లేసు అల్లేవాళ్లు: బాగుందని మర్యాదకన్నాం, సున్నా. ఎక్కడిదో ఒక ఆసుపత్రి కుట్లగది: ఒకటి. తుని నుంచి శాల ఊడ్చే ఒకావిడ: నేల మీద దుమ్ము కనబడక రోజూ తిట్లు తింటున్నానండి, సున్నా. ఐదు కొట్టేసరికి మూడువందల పన్నెండింట రెండువందల తొంభై నాలుగు శాలలు మాట మార్చాయి. ఎనిమిది నెలలపాటు మొహమాటంతో ఎర్రబడిన కళ్లన్నీ ఒక్క గంటలో నోరు విప్పాయి. చదువుతూ చదువుతూ మంగతాయారు కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

  అప్పుడు పెద్ద శాల నక్షా నకలు గోడ మీద దానంతట అదే తెరుచుకుంది. మగ్గం మగ్గానికీ వెలుగు అని రాసిన గడి పక్కన ఇంకో గడి మొలిచింది. దానికి పేరు లేదు.

"నీడ," అంది సమదర్శి. "ఎంత కావాలి?"

సత్యవేణి జవాబు చెప్పబోయి ఆగింది. మంగతాయారు వైపు తిరిగి, "మీరు చెప్పండి. నాకు తెలీదు," అంది.

మంగతాయారు గుంటలోంచి లేచి, చేతులు దులుపుకుని, గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"పోగుకి పోగంత," అంది. "రాసుకో నాయనా."