గోపమ్మలో పుట్టిన కెర్నల్

“పల్లికాయ ధర ఎట్లుంది?” ఫోన్‌లో చీఫ్ రఘుపతి గొంతు.

“తేమ ఎక్కువుంది సార్.”

సరుకు దొరికిందని దాని అర్థం. పల్లీల వ్యాపారి వేషంలో కొత్తకోట హైవే మీద కాపు కాసిన ఏజెంట్ మహేష్, విదేశీ ముఠా కొరియర్ చెవి మిషన్‌లోంచి మెమరీ కార్డ్ లాగేశాడు.

“జల్ది ఇంటికి పో. అచ్చంపేట దిక్కు పంప్‌హౌస్ కంప్యూటర్ల ఆ ముఠా కెర్నల్, అదే మిషన్‌ను లేపి నడిపే అసలు ప్రోగ్రాం, ఎక్కింది. కూలీలు ఎక్కి దిగే లిఫ్ట్ ఆగింది, వాళ్లు సొరంగంల చిక్కుకున్నరు. మూడింటికి గేట్లు తెరుచుకుంటయ్, నీళ్లు వాళ్ల మీదికే. మంచి కెర్నల్ కొత్తగ తయారు జేసి, కంపైల్ చేసి పంపు. పంప్‌హౌస్‌ల ఉన్న ఆ పాత మెషీన్ సంగతి మీ ఇద్దరికే ఎరుక.”

ఇద్దరంటే మహేష్, అతని భార్య సుహాసిని. ఆమె కూడా ఏజెంటే. ఏ వేషం కట్టినా నలుగురూ తల తిప్పి చూసే మనిషి.

ఇంటికి రాగానే కార్డ్‌లోని కెర్నల్‌ను విడిగా ఓ పాత ల్యాప్‌టాప్‌లో బూట్ చేశాడు. తనను ఏ కంప్యూటర్‌లో కంపైల్ చేశారో ప్రతి కెర్నల్ లేస్తూనే చెబుతుంది. తెర మీద పేరు పడింది: గోపమ్మ.

మహేష్ ఆ పేరు మళ్లీ చదివాడు. గోపమ్మ అతని అవ్వ. అవ్వలాగే పొద్దున్నే సణుగుతూ లేస్తుందని ఇంట్లో కంప్యూటర్‌కు ఆ పేరు పెట్టి పడీపడీ నవ్వింది సుహాసినే. లోకంలో ఇంకెవరు పెట్టుకుంటారు ఆ పేరు?

వంటింట్లోంచి ఆమె వచ్చింది. చేతిలో లిప్‌స్టిక్. అది ఒక్క తూటా పిస్టల్ అని అతనికి తెలుసు.

“నువ్వేనా?”

“నేనే. నువ్వు ఎరుక కాకముందట్నించి వాళ్ల మనిషినే.”

“పెళ్లి గూడ ఆర్డరేనా?”

“మొదట ఆర్డరే. తర్వాత కాదు.”

ఆమె కాల్చలేదు. అతను గోపమ్మ ముందు కూర్చుని కంపైల్ మొదలుపెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. తెర మీద అక్షరాల వరుసలు పరుగెడుతుంటే ఇద్దరూ ఎప్పటిలాగే చూస్తూ ఉండిపోయారు. అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కెర్నల్ పంపగానే పంప్‌హౌస్ ఆపరేటర్ చెన్నయ్య ఫోన్‌లో అరిచాడు. “లేస్తలేదు సార్! గదేందో పానిక్ అని వస్తాంది!”

మూడు కావస్తోంది. తప్పెక్కడో మహేష్‌కు తోచలేదు.

సుహాసిని లిప్‌స్టిక్ బల్ల మీద పెట్టేసింది. “డిస్క్ డ్రైవర్‌ను కెర్నల్ల కలపలే నువ్వు. డ్రైవరే డిస్క్ మీదుంటే డిస్క్‌ను చదివేదెవరు? ఎన్నిసార్లు చెప్పిన? జరుగు.”

ఆ ఒక్క ముక్క కలిపి, మళ్లీ కంపైల్ చేసి పంపింది.

“లేచింది సార్! గేట్లు బందున్నయ్, లిఫ్ట్ పైకి వస్తాంది!” చెన్నయ్య కేకేశాడు. సరిగ్గా అప్పుడే మూడైంది.

“ఇగ వాళ్లు నన్ను బతకనియ్యరు. మీ జైలే నయం,” అంది సుహాసిని. “చీఫ్‌కు ఫోన్ చెయ్యి.”

అతను ఫోన్‌ను ఆమె వైపు జరిపాడు. ఆమే చేసింది.

జీపు ఆమెను తీసుకెళ్లాక, ఇంటికొచ్చిన చీఫ్ మహేష్ భుజం తట్టాడు. “శభాష్! మెడల్ ఇప్పిస్త.”

“మెడల్ వద్దు సార్. జైల్ల ములాఖత్ ఏ దినమో చెప్పుండ్రి.”

“దేశద్రోహితోని నీకేం పనయ్యా?”

మహేష్ కళ్లు తుడుచుకున్నాడు. “కెర్నల్ల డౌట్లుంటయ్ గద సార్.”